పెరట్లో పిలక ఉల్లి

కోనసీమలో పెరడంటే ఒకసారి నాటి మరిచిపోయే చోటు. అరటి గెల దిగేలోపే పక్కన రెండు పిలకలు లేచి కూర్చుంటాయి. కంద తవ్వుకున్నాక ఓ ముక్క మట్టిలో వదిలేస్తే వచ్చే ఏడు అదే గొడుగు విప్పుతుంది. పసుపు, అల్లం, చేమ, పెండలం... వీటికి ఏటేటా విత్తనం కొన్న పాపాన ఎవరూ పోలేదు. ఇంత పెరట్లోనూ, వంటింట్లో రోజూ చేతికి తగిలే ఉల్లిపాయ మాత్రం కనిపించదు. అది లారీ ఎక్కి రావాల్సిందే. కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో తాడేపల్లిగూడెం మార్కెట్టులో దిగి, అక్కణ్ణించి గోదావరి దాటి మన బుట్టలోకి.

ఓసారి అమలాపురం మార్కెట్లో ఉల్లిపాయల కొట్టాయన్ని అడిగాను, "నాటుకోవడానికి చిన్నుల్లి దొరుకుతుందాండీ?" అని. ఆయన నన్ను కింద నుంచి పైకి చూసి, "ఆయ్, ఉల్లి తినడానికండీ. నాటుకోవడానికైతే కొబ్బరి మొక్కుంది కదండీ!" అన్నాడు.

నవ్వేసి వచ్చేశాను గానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే ఉల్లి కులంలోనూ అరటిలా పిలకలు పెట్టేవి, ఒకే కుండీలో ఏళ్ల తరబడి కాపురం చేసేవి ఉన్నాయి. వాటి గురించీ, వాటి చుట్టపక్కాల గురించీ అప్పటినుంచి పోగేసుకున్న కబుర్లివి.

రెండేళ్ల మొక్కని ఏడాదికే తినేస్తున్నాం

మనం కొనే ఉల్లిపాయ నిజానికి సగం జీవితం దగ్గర ఆగిపోయిన మొక్క. దాని లెక్కలో మొదటి కాలం గడ్డ కట్టడానికి, రెండో కాలం పువ్వు పూసి గింజ కట్టడానికి. మధ్యలో మనం పీకి కత్తిపీట దగ్గర కూర్చుంటాం. గింజ కావాలనుకున్న రైతు మంచి గడ్డలు ఏరి మళ్లీ నాటుతాడు. అప్పుడు లేస్తుంది పూకాడ. లోపల బోలు, నడుమ దగ్గర కాస్త ఉబ్బు, తలమీద వందల తెల్లపూల బంతి. ఆ బంతి విచ్చిన పొద్దున తేనెటీగల రొద వినాలి.

ఇంకో మాట. ఉల్లిపాయని దుంప అంటాం గానీ అది వేరూ కాదు, కాండమూ కాదు. ఆకుల అడుగు భాగాలే తిండి దాచుకుని లావెక్కి ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. అసలు కాండం ఎక్కడుందంటే, తరిగేటప్పుడు మనం కోసి పారేసే ఆ వేళ్ల బిళ్ల. బొత్తాం అంత ఉంటుంది. మొక్క ప్రాణమంతా అందులోనే. చెత్తబుట్టలోకి వెళ్లే ఆ బిళ్లని వేలెడు మందం గడ్డతో సహా కోసి గ్లాసులో నీళ్లకి తగిలేలా పెట్టండి. రెండోరోజుకి తెల్లటి వేళ్లు దారాల్లా దిగుతాయి. తరవాత లోపలి వలయాలు ఒక్కొక్కటే పైకి జరగడం మొదలెడతాయి, గొట్టంలోంచి గొట్టం లాగినట్టు. బయటి వలయాలు మాత్రం కదలవు. అవి పాత ఆకులు, వాటి పనైపోయింది.

కార్తీకంలో బుట్ట మొలకెత్తుతుంది

కార్తీకం నెల్లాళ్లూ మా వైపు చాలా ఇళ్లలో ఉల్లి ముట్టరు. సరిగ్గా ఆ నెలలోనే వంటింటి మూల బుట్టలో ఉల్లిపాయలు పచ్చటి కొమ్ములు పెడతాయి. "వాడకం లేక మొలకలొచ్చేశాయి" అంటుంది మా పిన్ని. సగం నిజమే. మిగతా సగం ఉల్లి సొంత పంచాంగం.

ఎండల్లో తవ్విన రబీ ఉల్లి మొదట కొన్ని వారాలు గాఢనిద్రలో ఉంటుంది. నిద్ర తీరాక కూడా వెంటనే లేవదు, వేడి దాని మొలకని తొక్కిపెడుతుంది. పాతికా ముప్ఫై డిగ్రీల వెచ్చటి గాలాడే చోట ఉల్లి నిలవుండేది అందుకే. ఫ్రిజ్‌లో మామూలు చల్లదనానికి ఉల్లిపాయ పెడితే తొందరగా మొలకెత్తేదీ అందుకే. ఆశ్వయుజం దాటి గాలి చల్లబడగానే తొక్కిపెట్టిన చెయ్యి తీసేసినట్టవుతుంది. కార్తీకానికి బుట్ట పచ్చబడుతుంది.

మన నేలలో ఉల్లి నాటడానికి అదే అదను. వానలు వెనకపడతాయి, పగళ్లు పొట్టివవుతాయి, రాత్రి కాస్త చలి తగులుతుంది. తినకూడని నెలలో నాటుకోమని ఎవరు పెట్టారో గానీ లెక్క భలే కుదిరింది.

మొలకెత్తిన ఉల్లిని నేనేం చేస్తానంటే, ముందు అడ్డంగా కొయ్యను. రెండు మూడు మొలకలున్నదాన్ని ఏరి, మెత్తబడ్డ పై పొరలు వేలితో ఒలుచుకుంటూ పోతాను. లోపల బాదం పప్పుల్లా రెండో మూడో విడి మొక్కలు, ఒక్కోదాని చుట్టూ తనవైన పొరలు. అడుగున అందరిదీ ఒకే బిళ్ల, ఉమ్మడి కాపురం. ఒక్కోదానికీ బిళ్లలో చిన్న ముక్క, నాలుగు వేళ్లు వచ్చేట్టు చీల్చి వేరుకాపురం పెట్టించడమే. మెడ మట్టిపైన ఉండాలి. లోతుగా పాతితే కుళ్లుతుంది. నెల తిరిగేసరికి కాడలు కోతకొస్తాయి. మొదలంటా పీకకుండా, నడిమి లేత ఆకు వదిలి చుట్టూ ఉన్నవి కోస్తే మళ్లీ వస్తాయి.

చలి బాగా తగిలిన ఏడు పూకాడ లేస్తుంది, లేకపోతే లేదు. పూకాడ లేచిందంటే ఆ మొక్క ఇక కాడల మీద మనసు పెట్టదు. అయితే పూసి ఎండిన మొక్క మొదట్లో కూడా ఓ పక్కమొలక మెల్లిగా గడ్డ కట్టడం రెండుసార్లు చూశాను. లారీ ఉల్లిలోనూ పిలక బుద్ధి పూర్తిగా చావలేదన్నమాట.

అసలు పిలక ఉల్లి

ఆ బుద్ధిని వంశాచారంగా పెట్టుకున్నది సాంబారు ఉల్లి. ఒక పాయ నాటితే మట్టిలో అయిదారు పాయల గుత్తి అవుతుంది. అందులో ఒకటి మళ్లీ నాటితే మళ్లీ గుత్తి. గింజతో పని లేదు. మనం రోజూ వాడే ఉల్లీ ఇదీ శాస్త్రం లెక్కలో ఒకే జాతి, అలవాట్లే వేరు. తెలుగులో దీనికి చిన్నుల్లి అనడం తప్ప విడిగా పేరు పెట్టినట్టు లేదు, సాంబారుకి అప్పగించేశాం. నేను మాత్రం పిలక ఉల్లి అంటాను. అరటికి చెల్లిన మాట దీనికెందుకు చెల్లదు?

తమిళులకి ఇది చిన్న వెంగాయం. పెరంబలూరు, దిండిగల్ వైపు రైతులకి పెద్ద పంట. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 'కో' పేరుతో వరసగా రకాలు విడుదల చేసింది. వాటిలో కో-5 పాతవాటిలా గుత్తులే కాకుండా పూసి గింజ కూడా కడుతుంది. పాయల కోసం బోలెడు ఖర్చు పెట్టే రైతుకి అది పెద్ద వెసులుబాటు. నాటిన రెండున్నర మూడు నెలల్లో పంట చేతికొస్తుంది. కానీ తవ్విన గడ్డని ఆ మర్నాడే నాటితే పలకదు, రెండు నెలలు ఆరుగా పడుకోబెట్టాలి. నేను మొదటిసారి తవ్విన వారానికే నాటి, కుండీ ముందు పదిహేను రోజులు కాపలా కాశాను. పిన్ని చూసి, "నిద్రపోయేవాళ్లని లేపితే ఎవరు పలుకుతారురా" అంది.

ఇంగ్లీషువాళ్లు దీన్ని షాలట్ అంటారు. మధ్యధరా ఒడ్డున ఉన్న అష్కెలాన్ అనే పాత రేవు పట్నం పేరులోంచి పుట్టిన మాట అది. రేవులో కొన్న సరుకుకి రేవు పేరే పెట్టేశారు.

నీళ్లే శత్రువు

ఎండలకి ఉల్లి బతకదేమో అని చాలామంది భయం. ఎండ కాదండీ, నిలవ నీరు. ఉల్లి వేళ్లు చూడండి, తెల్లగా, సన్నగా, కొమ్మలు దాదాపు వెయ్యకుండా జానెడు లోతులోనే తిరుగుతుంటాయి. మిగతా మొక్కల వేళ్లకుండే సన్నటి నూగు కూడా వీటికి దాదాపు లేదు. అందుకని దీనికి నీళ్లు కొంచెం కొంచెంగా, తరచుగా పొయ్యాలి. ఒక్కపూట ఎక్కువై నిలిచిందా, అడుగు బిళ్ల మెత్తబడి మొక్క చేతికొచ్చేస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాటన్ దొర కాలవలు పారినప్పటినుంచి కోనసీమ ఒండ్రు నేల వరికీ కొబ్బరికీ అరటికీ స్వర్గం. ఉల్లికి మాత్రం ఆ జిగట మట్టి, ఆ తడి నచ్చవు. నా మొదటి మడి ఒక శ్రావణమాసంలో మూడు రోజుల ముసురుకి పూర్తిగా పోయింది. తవ్వి చూస్తే పాయలు లేవు, వాసన మాత్రం ఉంది.

అయితే డెల్టాలో ఉల్లి పండదని తీర్మానించేముందు ఇండోనేషియా వెళ్లి రావాలి. జావా ఉత్తర తీరంలో బ్రెబెస్ అని ఒక జిల్లా. సముద్రం పక్కన, పల్లపు బంకమట్టి, ఉక్కపోత. అచ్చం మన అల్లవరమో ఉప్పలగుప్తమో అన్నట్టుంటుంది. అదే ఆ దేశానికి చిన్నుల్లి రాజధాని. ఎలాగంటే, పొలమంతా ఎత్తుమడులు చేసి, మడికీ మడికీ మధ్య లోతైన కాలవ తవ్వి నీళ్లు నింపుతారు. రైతు ఆ కాలవలోనే దిగి నడుస్తూ, పొడుగు కాడ ఉన్న తట్టతో నీళ్లు చిమ్మి మడి తడుపుతాడు. మొక్క మెట్ట మీద, రైతు నీళ్లలో! వాన ఎక్కువైతే అదనపు నీరు కాలవలోకి జారిపోతుంది.

మన కొబ్బరి తోటల్లో బోదెలు ఉండనే ఉన్నాయి, గట్లూ ఉన్నాయి. లేనిదల్లా ఆ గట్టుమీద నాలుగు పాయలు గుచ్చాలన్న ఆలోచన.

గట్టు ఉన్నా నీడ చూసుకోవాలి. కంద, పసుపు కొబ్బరి నీడన హాయిగా ఉంటాయి, ఉల్లికి నెత్తిమీద ఎండ పడాలి. కొబ్బరి తోటకి ఎనిమిదేళ్లు నిండేదాకా, మళ్లీ పాతికేళ్లు దాటాక కిందికి వెలుతురు బాగా దిగుతుంది. మధ్య వయసులో మట్టలు దట్టంగా కమ్ముకుని ఉంటాయి. కాబట్టి పిల్ల తోటలోనో తాతల నాటి తోటలోనో అయితే పర్వాలేదు. నడి వయసు తోటలో వెయ్యొద్దు.

ఇక ఉప్పు. కూరలో ఉల్లికీ ఉప్పుకీ ఎంత స్నేహమో, మట్టిలో అంత వైరం. కూరగాయల్లో ఉప్పుని బొత్తిగా ఓర్చుకోలేనివాటిలో ఇదొకటి. మట్టిలో ఉప్పు కొలిచే లెక్కలో మీటరుకి 1.2 డెసీసీమెన్లు దాటగానే దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. సముద్రం పక్కన పర్ర భూముల వాళ్లూ, వేసవిలో బోరు నీళ్లు ఉప్పగా మారే కాలవ చివరి ఊళ్ల వాళ్లూ ఉల్లిని కుండీలో పెంచడమే మేలు. వాన నీళ్లో, కాలవ నీళ్లో పొయ్యండి.

కుండీ అనగానే అంబాజీపేట పరిసరాల్లో వీధివీధినా దొరికే కొబ్బరి పొట్టు గుర్తొస్తుంది. ఒకవంతు పొట్టు, ఒకవంతు గోదారి ఇసుక, ఒకవంతు మాగిన పశువుల ఎరువు కలిపితే ఉల్లికి పట్టుపరుపే. ఇక్కడే ఒక మెలిక ఉంది. పీచు నానబెట్టే నీటిని బట్టి పొట్టులో ఉప్పు చేరుతుంది. గోనెసంచిలో పోసి, మంచినీళ్లతో రెండు మూడుసార్లు బాగా కడిగి పిండాకే వాడాలి. మా పక్కింటాయన కడక్కుండా వాడి, కాడల కొసలు ఎండిపోతుంటే తెగులనుకుని మందు కొట్టాడు. ఆకు కొసలు ఎండటం వేరు, ఆకు మీద ఊదారంగు మచ్చ లేవడం వేరు. రెండోదే అసలు తెగులు, తేమ ఎక్కువైతే వచ్చే బూజు. ఆకు మీద వెండిగీతలు కనిపిస్తే మాత్రం తామర పురుగులు. నడిమి ఆకుల సందులో దాక్కుంటాయి, పొద్దున్నే నీళ్లు గట్టిగా చిమ్మితే కుండీల వరకూ అదుపులో ఉంటాయి.

కుండీలో ఇంకో సుఖం తుపాను వేళ తెలుస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను చూసినవాళ్లకి ఆ నెలంటే ఇప్పటికీ ఒక కన్ను ఆకాశం మీదే ఉంటుంది. మడిని ఎత్తి వసారాలో పెట్టలేం, కుండీని పెట్టొచ్చు.

గడ్డ లేని ఉల్లి, వెల్లుల్లి కాని వెల్లుల్లి

ఉల్లి కులంలో కొన్నిటికి గడ్డ మీద ఆశే లేదు. వెల్ష్ ఉల్లి అనేదానికి మొదట్లో కాస్త లావు తప్ప గడ్డ కట్టదు. గొట్టాల్లాంటి కాడలు దుబ్బులుగా లేస్తాయి. దుబ్బు చీల్చి నాటుకోవడమే. జపాను వాళ్ల వంటల్లో కనిపించే నెగి ఇదే. పేరు చూసి వేల్స్ దేశానిది అనుకుంటారు, ఆ దేశంతో దీనికి ఏ సంబంధమూ లేదు. పాత జర్మను భాషల్లో ఆ మాటకి 'పరాయిది' అని అర్థం. పుట్టిల్లు చైనా వైపు. మనం సీమచింత, సీమవంకాయ అన్నట్టే.

చైనా వెల్లుల్లికాడ అని ఇంకోటి. గరికలా చదునైన ఆకులు, వెల్లుల్లి వాసన, నక్షత్రాల్లాంటి తెల్లపూలు. నాకు తెలిసి కోనసీమ పెరటికి ఇంతకన్నా ఒద్దికైన మొక్క ఉల్లి కులంలో లేదు. ఉక్కకి జడవదు, వానకి వెంటనే కుళ్లదు, ఒక దుబ్బు రెండేళ్లలో నలుగురికి పంచేంత అవుతుంది. మణిపూర్‌లో దీన్ని మరోయ్ నకుప్పి అంటారు, ప్రతి పెరట్లోనూ ఉంటుంది. దాని తోబుట్టువు మరోయ్ నపాక్పి. ఉల్లి, వెల్లుల్లి పాయల బదులు ఈ ఆకులు వాడటం మైతేయిల పాత అలవాటు. కార్తీకానికి ఇది చెల్లుతుందా అని మా పిన్నిని అడిగితే, "వాసన ముక్కుకి తెలియదనుకున్నావా?" అంది. కాబట్టి మా ఇంట్లో చెల్లలేదు.

నడిచే ఉల్లి కూడా ఉంది, నిజంగానే. మామూలు ఉల్లికీ వెల్ష్ ఉల్లికీ పుట్టిన సంకరం. కాడ కొసన పువ్వు పూసే చోట బుల్లి ఉల్లిపాయలు కాస్తాయి. బరువుకి కాడ వంగి నేలని తాకుతుంది, అక్కడే వేళ్లు దిగి కొత్త మొక్క. మళ్లీ దాని కాడ ఇంకో అడుగు ముందుకి. పెండలం తీగకి గాల్లో కాసిన కాయ రాలి మొలిచినట్టే, కాకపోతే దీనికి రాలే ఓపిక కూడా లేదు, వంగి చూసుకుని మరీ దిగుతుంది. చలిదేశాల మొక్క. మన రోహిణికార్తెలోకి తెచ్చి దాన్ని బాధపెట్టడం న్యాయం కాదు.

అమెరికా చుట్టాల ఉల్లి ఎందుకు ఊరదు?

న్యూజెర్సీలో ఉన్న మా బంధువులు ఇక్కణ్ణించి ఉల్లి గింజలు పట్టుకెళ్లి నాటారు. గోలీలంత గడ్డలు కాశాయి. అక్కణ్ణించి వాళ్లు పంపిన గింజలు నేనిక్కడ చల్లాను. కాడలు ఏపుగా పెరిగాయి గానీ గడ్డ మాత్రం ఊరలేదు. తప్పు గింజదీ కాదు, చేతిదీ కాదు. ఉల్లి పగటి పొడవు కొలిచి గడ్డ కడుతుంది. మన రకాలకి 11, 12 గంటల పగలు చాలు. ఉత్తరాది చలిదేశాల రకాలు 14 గంటలు దాటితే గానీ కదలవు. కోనసీమలో ఏడాదిలోకెల్లా పెద్ద పగలు కూడా 13 గంటలు దాటి కొద్ది నిమిషాలే. పాపం ఆ గింజ ఇక్కడ రాని రోజు కోసం ఎదురుచూస్తూ ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. అక్కడేమో మన గింజ మొక్క ఎదగకముందే పెద్ద పగళ్లు చూసి, 'వేళైపోయింది' అనుకుని గోలీ అంతలోనే ముగించేస్తుంది.

గింజల పొట్లం మీద 'పొట్టి పగలు' రకమో కాదో చూసి కొనండి. ఒక ఏడు నేను కొన్న పొట్లం మీద ఆ ముక్క రాయనే లేదు. ఆ ఏడు ఉల్లికాడల పులుసే పులుసు.

కొన్ని చిల్లర కబుర్లు

వెల్లుల్లి అంటే వెల్ల ఉల్లి, తెల్లటి ఉల్లి. దాన్నించి వేరుగా చెప్పడానికి ఉల్లిపాయని నీరుల్లి అన్నారు. కన్నడంలోనూ నీరుళ్ళి ఉంది, మలయాళంలో చిన్నుల్లి చెరియ ఉళ్ళి. కోస్తాలో పాయ, తెలంగాణలో గడ్డ, రాయలసీమలో ఎర్రగడ్డ. ఆ పేర్లు వింటే మనిషిది ఏ వైపో తెలిసిపోతుంది.

మనిషి జన్యు గ్రంథంలో అక్షరాలు సుమారు 310 కోట్లు. ఉల్లిపాయ గ్రంథంలో దాదాపు 1,600 కోట్లు. అయిదు రెట్లు! అంత పెద్ద గ్రంథం పెట్టుకుని అది చేసే పని మనల్ని ఏడిపించడం.

ఏడుపు సంగతి కూడా. కత్తి తగిలి కణాలు చిట్లితే లోపల విడివిడిగా ఉన్న రసాలు కలిసి, ఓ గంధకపు ఆవిరి పుట్టి కంటికి తగులుతుంది. ఆ ఆవిరిని పుట్టించే ప్రత్యేకమైన ఎంజైము ఉల్లిలో ఉందని 2002లో జపాను శాస్త్రవేత్తలు కనిపెట్టారు. హౌస్ ఫుడ్స్ అనే మసాలా కంపెనీ వాళ్లది ఆ పరిశోధన. 2013లో నవ్వు తెప్పించి ఆలోచింపజేసే ఇగ్‌నోబెల్ బహుమతి కూడా కొట్టేశారు. తరవాత కంట నీరు తెప్పించని ఉల్లి పుట్టించి 'స్మైల్ బాల్' అని అమ్మారు. ఏడిపించని ఉల్లి ఉల్లేనా అని నాకు అనుమానం.

ఉల్లి పుట్టిల్లు మధ్య ఆసియా అంటారు గానీ అడవిలో దానంతటది పెరిగే ఉల్లి ఇవాళ ఎక్కడా లేదు. పుట్టింటివాళ్లెవరూ మిగలని ఆడపడుచు.

ఈజిప్టు రాజు నాలుగో రామ్సెస్ మమ్మీకి కళ్ల స్థానంలో చిన్న ఉల్లిపాయలు పెట్టారు. మూడు వేల ఏళ్లు దాటింది.

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లెవరైనా ఉల్లి వేరు కొసని ఎర్రరంగులో ముంచి సూక్ష్మదర్శిని కింద పెట్టే ఉంటారు. 16 క్రోమోజోములు, ఒక్కోటీ లావుగా, విడివిడిగా, లెక్కపెట్టుకోవడానికే పుట్టినట్టుంటాయి. ఉల్లి వేళ్లతో రసాయనాల విషాన్ని పరీక్షించే పద్ధతిని ఆల్బర్ట్ లెవాన్ 1938లో మొదలుపెట్టాడు. పద్దెనిమిదేళ్ల తరవాత మనిషి క్రోమోజోములు 46 అని తేల్చిన ఇద్దరిలో ఒకడూ ఆయనే.

కడప జిల్లా మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఉల్లి మన వంటింటి మొహం దాదాపు చూడదు. ఘాటెక్కువ. ఎక్కువగా ఓడెక్కి ఆగ్నేయాసియా దేశాలకి పోతుంది. మన మొక్కే, రుచి మాత్రం వాళ్లకి తెలుసు.

2019 చివర్లో కిలో వంద దాటినప్పుడు మన రైతుబజార్లలో కిలో 25 రూపాయలకి ఇస్తే తెల్లవారకుండానే బారులు తీరారు. 2025లో అదే కర్నూలు ఉల్లిని కొనేవాళ్లు లేక ప్రభుత్వం క్వింటాలు 1,200 చొప్పున కొనాల్సి వచ్చింది. ఆ రెండు సందర్భాల్లోనూ నా కుండీకి ఆ సంగతే తెలియదు.

ధర పడిపోయిన ఏడు కుళ్లిన ఉల్లి పశువులకి వేసేస్తుంటారు. ఆవులకి ఎక్కువైతే రక్తంలో ఎర్రకణాలు చితికిపోతాయి. మేకలూ గొర్రెలూ కొంత తట్టుకుంటాయి. కుక్కకీ పిల్లికీ అయితే కొంచెం కూడా పెట్టకూడదు. కుండీని వీధికుక్కకి అందని చోట పెట్టడం అందుకే.

ఉల్లి మానేసిన నెలలో ఉల్లి లోటు తీర్చేది ఇంగువ. చూస్తే వాసన చుట్టరికమే, రెండింటిలోనూ గంధకమే. కులం మాత్రం కొత్తిమీర, జీలకర్రలది. ఏళ్ల తరబడి బతికే ఒక మొక్క వేరు మొదట్లో గాటు పెడితే కారే పాలే ఇంగువ. ఇన్ని వందల ఏళ్లుగా ఇన్ని చారుల్లో వేసుకున్నాం గానీ మన దేశంలో మొదటి ఇంగువ మొక్క పొలంలో నాటింది 2020 అక్టోబరు 15న, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో.

వాసన లేకపోతే ముట్టొద్దు

ఇది మాత్రం కాస్త నిలబడి వినాలి. ఉల్లిని వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం లిల్లీల ఇంట్లో ఉంచారు. 2009 వర్గీకరణలో అమరిల్లిస్ ఇంటికి మార్చారు. దాంతో మన పెరట్లో వానకి ఒక్కసారిగా పూసే వాన లిల్లీ, మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ ఉల్లికి దగ్గర చుట్టాలయ్యాయి. దుంపలు చూడటానికి అచ్చం ఉల్లిపాయలే. తింటే విషం. ఆ ఇంటివి కాకపోయినా ఇసుక నేలల్లో కనిపించే నక్కవుల్లి గడ్డ ఇంకా ప్రమాదం, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. ఆకులు లేని కాలంలో ఒంటికాడ మీద పూస్తుంది కనక పిల్లలు తవ్వి చూడాలని ముచ్చటపడతారు.

పాత ఇంటి దొడ్డి బాగుచేస్తుంటే ఉల్లిలాంటి దుంపలు దొరికాయని ఒకాయన సంబరపడి నా దగ్గరికి తెచ్చాడు. ఆకు చివర నలిపి వాసన చూడమన్నాను. ఏ వాసనా లేదు. ఉల్లి కులంలో దేన్ని నలిపినా ఉల్లో వెల్లుల్లో కొడుతుంది. ఆ వాసన లేనిది ఎంత ముద్దుగా ఉన్నా వంటింట్లోకి రానివ్వకూడదు. అందుకే ఒకే కుండీలో పూల దుంపనీ ఉల్లినీ కలిపి నాటొద్దంటాను. కాడలు కోసే తొందర్లో ఏది ఏదో తెలియదు.

పోలిస్వర్గం మర్నాడు

ఈసారి కార్తీకం మొదటిరోజు బుట్టలో పదకొండు ఉల్లిపాయలు మొలకెత్తి ఉన్నాయి. వాటిని చీల్చితే ఇరవై ఆరు మొక్కలయ్యాయి. నాలుగు కుండీల్లో సర్దాను. పక్కన అయిదో కుండీలో తమిళనాడు నుంచి తెచ్చుకున్న పిలక ఉల్లి, ఇది దాని మూడో కాపురం. నాలుగో వారంలో ఓ ముసురు పట్టింది, కుండీలన్నీ వసారా ఎక్కాయి. దీపారాధన చేసేచోట ఉల్లి వాసనేమిట్రా అని పిన్ని రెండు రోజులు సణిగింది.

కార్తీకం వెళ్లాక వచ్చే పోలిస్వర్గం పాడ్యమి తెల్లవారుజామున అరటిదొప్పల్లో దీపాలు కాలవలో వదిలి వచ్చాం. ఆ మర్నాడు పొద్దున కుండీల దగ్గరికి పిన్నే వెళ్లింది, కత్తెరతో. నడిమి ఆకులు వదిలి చుట్టూ కోసింది, నేను చెప్పకుండానే. రెండు గుప్పిళ్లు. నెల్లాళ్ల తరవాత ఇంట్లో మొదటి ఉల్లివాసన ఆ కత్తిపీట మీంచి లేచింది. ఎండు రొయ్యలు అప్పటికే నీళ్లలో నానుతున్నాయి.